కుక్కకు తరచూ విరేచనాలా? ముందు ట్రీట్ల డబ్బా చూడండి

విరేచనాలు మొదలవగానే చాలామంది తిండి బ్రాండు మార్చేస్తారు. నేనైతే ముందు ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఎవరెవరు రోజంతా ఏమేం పెట్టారో రాయమంటాను. మాత్ర మింగించడానికి వాడిన చీజ్ ముక్కతో సహా. దొంగ చాలాసార్లు ఆ కాగితంలోనే దొరుకుతాడు.

తిండి మార్చాక విరేచనం పలచబడింది
పేగుల్లోని బాక్టీరియాకు కొత్త తిండి ఇంకా అలవాటు కాలేదు. మళ్లీ పాతదే పెట్టి, కుదుటపడ్డాక 7 నుంచి 10 రోజుల్లో మార్చండి. మొదట కొత్తది పావు వంతు, తర్వాత సగం, ఆపైన ముప్పావు.

తిండి మారలేదు, అయినా గ్యాస్, మెత్తటి విరేచనం
ఇక్కడే ట్రీట్లను అనుమానించాలి. రోజు మొత్తం కేలరీల్లో వాటి వాటా 10 శాతం దాటకూడదు. చిన్న కుక్కకైతే ఒకటి రెండు బిస్కెట్లకే అది నిండిపోవచ్చు. పాలు, చీజ్ కూడా కారణం కావచ్చు, ఎదిగిన కుక్కల్లో చాలావాటికి లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) సరిగా అరగదు. రెండు వారాలు ట్రీట్లు, పాలు, చీజ్ అన్నీ ఆపేయండి. మరి కుక్క ట్రీటు కోసం అలా చూస్తుంటే? రోజూ తినే డ్రై ఫుడ్‌లోంచే గుప్పెడు పక్కకు తీసి చేత్తో ఇవ్వండి. చేతిలోంచి వచ్చిందంటే దానికి అదే ట్రీటు! కుదుటపడ్డాక ఉడికించిన క్యారెట్, ఉప్పు వేయని ఉడికిన గుమ్మడి, గింజలు తీసిన ఆపిల్ లాంటివి ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. ఒకటి మొదలుపెట్టాక నాలుగైదు రోజులు ఆగి రెండోది. రెండూ ఒకేసారి ఇస్తే ఏది పడలేదో తెలియదు.

నెలల తరబడి విరేచనాలు, పైగా దురద
ఫుడ్ అలర్జీ కావచ్చు. అందరూ ధాన్యాన్ని తిడతారు గానీ, ఎక్కువగా పడనివి బీఫ్, పాల పదార్థాలు, చికెన్. డాక్టర్ సూచించిన ప్రత్యేక ఆహారం ఒక్కటే కనీసం 8 వారాలు పెట్టి చూడాలి. ఆ రోజుల్లో ఫ్లేవర్ కలిపిన మాత్ర ఇచ్చినా లెక్క తప్పుతుంది.

కొవ్వు తిన్నాక వాంతులు, ముందుకాళ్లు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తడం
పాంక్రియాస్ (జీర్ణరసాలు తయారుచేసే గ్రంథి) వాపు కావచ్చు. ఇంటి వైద్యం వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి.

చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, ఉడికించిన ఎముకలు ఎప్పుడూ పెట్టొద్దు. పీనట్ బటర్ లేబుల్ మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉంటే అది కుక్కకు విషం.

విరేచనంలో రక్తం పడినా, నల్లగా తారులా వచ్చినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా ఆగొద్దు. కుక్కపిల్ల అయితే మరీ తొందరపడాలి. వెళ్లేటప్పుడు తాజా విరేచనం కొంచెం డబ్బాలో తీసుకెళ్లండి, జియార్డియా లాంటి పరాన్నజీవులు ఉన్నాయేమో చూస్తారు. ఆ కాగితం కూడా మర్చిపోకండి.