చివరికి పటికే పనిచేసింది

బెజవాడ మే నెల ఎండలో సిటీ బస్సెక్కి పైన రాడ్ పట్టుకోవాలంటే నాకు టెన్షన్. చెయ్యెత్తితే చంకల కంపుకి పక్కవాళ్లు మొహం తిప్పుకునేవారు. స్ప్రేలు కొడితే నాకు తుమ్ములు. అందుకే 'నేచురల్' అని రాసి ఉన్న క్రీమ్ ఒకటి కొన్నాను, కొబ్బరినూనె, వంటసోడా కలిపింది. అయిదో రోజుకి చంకలు ఎర్రగా కందిపోయి ఒకటే మంట. వంటసోడాది క్షార గుణం, చర్మానిది కాస్త ఆమ్ల గుణం. పడకపోవడంలో వింతేముంది?

సెలూన్లో గడ్డం గీశాక రుద్దే పటిక ముక్క చూశాక వెలిగింది. చెమటకు దానంతట దానికి పెద్ద వాసనుండదు, అందులో పెరిగే బ్యాక్టీరియాదే ఆ కంపంతా. పటిక వాటిని అణుస్తుంది. కిరాణా కొట్లో చిన్న గడ్డ తెచ్చాను. స్నానం కాగానే తడి చర్మం మీద నాలుగుసార్లు రుద్ది, ఆరాక చొక్కా వేసుకుంటాను. మొదటిరోజు దాని అంచు గీరుకుంది. నీళ్లలో కాసేపు తిప్పితే నున్నబడింది. షేవ్ చేసిన రోజు మాత్రం మానేస్తా, చురుక్కుమంటుంది.

చెమట పట్టకుండా ఉండదు, చొక్కా తడుస్తూనే ఉంటుంది, వాసన మాత్రం సాయంత్రం దాకా రాదు. అన్నట్టు, పటికలోనూ అల్యూమినియం ఉంటుంది, అది వద్దనుకునేవాళ్లకు ఇది కుదరదు. నా పాలిస్టర్ చొక్కాలు రెండింటి వాసన మాత్రం పటికకీ లొంగలేదు. వాటిని ఇల్లు తుడవడానికి ఇచ్చేశాను.