ఆడిటర్ ఆఫీసుకు వెబ్‌సైట్ – 3వ పాఠం: సేవల పేజీ ఎలా రాయాలి?

మొదటి రెండు పాఠాల్లో డొమైన్ పేరు తీసుకున్నాం, సైటులో ఏయే పేజీలు ఉండాలో కాగితం మీద గీసుకున్నాం. ఇక రాత పని. ఈ పాఠంలో ఒకే ఒక్క పేజీని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా రాద్దాం. అది జీఎస్టీ రిజిస్ట్రేషన్ పేజీ. ఈ పద్ధతి చేతికొస్తే ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్, టీడీఎస్, కంపెనీ పనులు, అన్నిటికీ అదే దారి.

ముందు మన ఊళ్లలోని ఆడిటర్ ఆఫీసుల సైట్లు ఓ నాలుగైదు తెరిచి చూడండి. చాలావాటిలో సేవల పేజీ అంటే ఒక జాబితా: డైరెక్ట్ టాక్సెస్, ఇన్‌డైరెక్ట్ టాక్సెస్, అష్యూరెన్స్, అడ్వైజరీ. పక్కన సూటు వేసుకున్న ఇద్దరు షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటున్న బొమ్మ. ఇది ఆడిటర్లు ఒకరికొకరు చెప్పుకునే భాష. ఫ్యాన్సీ షాపు నడిపే మనిషి అందులో తన పని ఏ మాట కింద ఉందో ఎలా కనిపెడతాడు? అతని మనసులో ఉన్నది వేరు. ‘హోల్‌సేల్ షాపువాళ్లు జీఎస్టీ నంబరు అడుగుతున్నారు, నాకు అది కావాలా?’ అన్నది అతని ప్రశ్న. మన పేజీ ఆ ప్రశ్నతోనే మొదలవ్వాలి.

ఈ ప్రశ్నలు మనం కూర్చుని ఊహించక్కర్లేదు. మీ ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లకు అవి కంఠతా వచ్చు. వాళ్ల టేబుల్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి, ఓ వారం రోజులు వచ్చే ఫోన్లలో ఎవరేం అడిగారో వాళ్ల మాటల్లోనే రాయమనండి. ‘నోటీసు వచ్చింది సార్, భయపడాలా?’ అని అడిగితే అలాగే రాయాలి, ‘నోటీసుకు సంబంధించిన ఎంక్వయిరీ’ అని మార్చకూడదు. వారం తర్వాత చూస్తే జీఎస్టీ గురించిన ప్రశ్నలు దాదాపుగా మూడు రకాలుగా తేలతాయి: నాకు వర్తిస్తుందా, ఏమేం తేవాలి, ఎప్పటిలోగా. మన పేజీ వరస కూడా అదే.

మొదటిది, నాకు వర్తిస్తుందా. ఈ పేజీలో అన్నిటికన్నా శ్రద్ధగా రాయాల్సింది ఈ భాగమే. ఇక్కడే చాలామంది వేరే సైటు నుంచి కాపీ చేసి చిక్కుల్లో పడతారు. సరుకులు అమ్మేవాళ్లకు 40 లక్షల పరిమితి అని దేశంలోని చాలా సైట్లలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు అది సరైనదే. తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. జగ్గయ్యపేటలో ఉన్న కిరాణా వ్యాపారికి, హైవే మీద కాస్త ముందుకు వెళ్తే వచ్చే కోదాడలోని కిరాణా వ్యాపారికి ఒకే సమాధానం చెప్పలేం. మీ ఆఫీసు సరిహద్దు దగ్గర ఉంటే రెండు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. కాబట్టి రెండూ రాయాలి. ఇలా:

‘మీరు ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్ముతున్నారా? ఏడాదిలో మీ మొత్తం అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. తెలంగాణలో ఈ పరిమితి 20 లక్షలు. రిపేర్లు, కోచింగ్, క్యాటరింగ్ లాంటి సేవలు అందించేవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే. పన్ను పడే సరుకును పక్క రాష్ట్రానికి అమ్మితే మాత్రం ఈ పరిమితులు లెక్కలోకి రావు. అమ్మకం చిన్నదైనా రిజిస్ట్రేషన్ కావాలి. హస్తకళల వస్తువులకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. పొగాకు, పాన్ మసాలా లాంటి కొన్ని సరుకులకు 40 లక్షల వెసులుబాటు లేదు. మీ సంగతి ఇందులో ఏదో తేలకపోతే మాకు ఫోన్ చేయండి.’

ఈ పేరాను ఒకసారి పైకి చదవండి. సెక్షన్ నంబరు లేదు, ‘అగ్రిగేట్ టర్నోవర్’ అనే మాట లేదు. అయినా చట్టం చెప్పినదాన్ని వంచలేదు. ‘మొత్తం అమ్మకాలు’ అన్న చోట ఇంకో వాక్యం కలిపితే మంచిది: ఒకే పాన్ మీద ఎన్ని షాపులున్నా, ఏ ఊళ్లో ఉన్నా అన్నీ కలిపి చూస్తారని, పన్ను లేని సరుకుల అమ్మకాలు కూడా ఆ మొత్తంలోకి వస్తాయని. బియ్యం, కూరగాయలతో పాటు కొద్దిగా సబ్బులు, బిస్కెట్లు అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియక టెన్షన్ పడే పరిస్థితి వస్తుంది. పరిమితి దాటిన రోజు నుంచి 30 రోజుల్లోగా అప్లై చేయాలన్నది కూడా ఇక్కడే చెప్పేయండి.

రెండోది, ఏమేం తేవాలి. ఆఫీసుకు నిజంగా సమయం మిగిల్చేది ఈ భాగం. పాన్ కార్డు, ఆధార్, ఫోటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ లేదా క్యాన్సిల్డ్ చెక్కు, ఇవి అందరికీ తెలిసినవే, ఒక్క వాక్యంలో అయిపోతాయి. ఆధార్‌కు లింకయిన ఫోన్ వెంట ఉండాలని మాత్రం విడిగా, కాస్త పెద్ద అక్షరాల్లో రాయండి. ఓటీపీ ఇంట్లో ఉన్న కొడుకు ఫోన్‌కు పోతే పని అక్కడే ఆగిపోతుంది.

అసలు తంటా అంతా షాపు చిరునామా దగ్గర. సొంత షాపయితే కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు సరిపోతుంది. అద్దెదైతే అద్దె అగ్రిమెంటుతో పాటు ఓనర్ పేరు మీదున్న కరెంటు బిల్లు కావాలి. మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది మూడో రకం: షాపు నాన్నగారి పేరు మీద ఉంటుంది, నడిపేది కొడుకు. అప్పుడు ‘ఇక్కడ వ్యాపారం చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు’ అని నాన్నగారు సంతకం చేసిన పత్రం కావాలి. కరెంటు మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉండిపోతే ఆ సంగతి ముందే ఫోన్‌లో చెప్పమని రాయండి. ఈ మూడు పరిస్థితులనూ మూడు చిన్న పేరాలుగా విడదీసి పెడితే, వచ్చేవాళ్లు తమది ఏదో చూసుకుని ఆ కాగితాలతోనే వస్తారు. ఇదే జాబితాను ఒక్క పేజీ పీడీఎఫ్‌గా పెడితే వాట్సాప్‌లో పంపుకోవడానికి బాగుంటుంది. రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ రుసుము ఏమీ లేదని కూడా ఇక్కడే ఒక మాట రాయండి. మీ సేవకు తీసుకునే ఫీజు వేరే సంగతి. ఆ తేడా దాచకపోతేనే జనానికి నమ్మకం.

మూడోది, తేదీలు. నంబరు వచ్చాక రిటర్న్‌లు ఎప్పుడు వేయాలో క్లుప్తంగా చెప్పాలి. నెలనెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) తర్వాతి నెల 11వ తేదీకి, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క, చెల్లింపు) 20వ తేదీకి. అమ్మకాలు 5 కోట్ల లోపు ఉండి మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 13వ తేదీ, 3బీ గడువు మన రెండు రాష్ట్రాల్లోనూ 22వ తేదీ. ఢిల్లీ సైటు నుంచి ఎత్తిరాస్తే అక్కడ 24 అని ఉంటుంది. దాన్ని నమ్మి రెండు రోజులు ఆగినవాడికి లేట్ ఫీజు పడుతుంది. మూడు నెలల పద్ధతిలో కూడా మొదటి రెండు నెలల్లో ఏ నెల పన్ను ఆ తర్వాతి నెల 25వ తేదీ లోపు కట్టాలన్నది మర్చిపోకండి. ‘మూడు నెలలకోసారి’ అనగానే డబ్బు కూడా అప్పుడే కట్టొచ్చని అనుకునేవాళ్లు చాలామంది.

తేదీలున్న ప్రతి పేజీ పైన ‘ఈ పేజీ చివరిసారి సరిచూసిన తేదీ’ అని ఒక లైను ఉండి తీరాలి. ఇది అలంకారం కాదు. 2025లో ఆడిట్ అవసరం లేనివాళ్ల ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ గడువును జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి జరిపారు, మళ్లీ ఒక్క రోజు పెంచి సెప్టెంబర్ 16 చేశారు. ఆ సమయంలో ‘జూలై 31 ఆఖరు’ అని ఉన్న సైటు చూసినవాడు ఏమనుకోవాలి? ఇక 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ నంబర్లు మారిపోయాయి, ‘అసెస్‌మెంట్ ఇయర్’ పోయి ‘టాక్స్ ఇయర్’ వచ్చింది. సెక్షన్ నంబర్లతో నింపిన పేజీలన్నీ తిరగరాయాల్సి వచ్చింది. ‘చిన్న వ్యాపారులు అమ్మకాల మీద శాతం లెక్కన ఆదాయం చూపే పద్ధతి’ అని పని పేరుతో రాసుకున్నవాళ్లకు ఆ అవస్థ లేదు. పేజీలు సరిచూసే బాధ్యత ఆఫీసులో ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి. అందరి పని అంటే ఎవరూ చేయరు.

మీరు చార్టర్డ్ అకౌంటెంట్ అయితే ఇక్కడ కాసేపు ఆగాలి. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూలులో, ఒకటో భాగంలో 6, 7 క్లాజులు క్లయింట్ల కోసం వెంటపడటం, ప్రకటనలు చేసుకోవడం గురించే. చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) వెబ్‌సైట్ మార్గదర్శకాలకు మూలం అవే. వాటిని ఇన్‌స్టిట్యూట్ అప్పుడప్పుడు సవరిస్తుంటుంది. కాబట్టి పేజీ పైకి పెట్టే ముందు తాజా ప్రతిని మీరే తెరిచి చదవండి. క్లయింట్ల పేర్లు, వాళ్ల మెచ్చుకోళ్లు, ఫీజు వివరాలు, ‘జిల్లాలో నంబర్ వన్’ లాంటి మాటలు, వీటి గురించి అందులో ఏముందో చూడకుండా ఒక్క అక్షరం పెట్టొద్దు. సైటు చేసే కుర్రాడికి ఈ నియమాలు తెలియవు. అతను బట్టల షాపుకు చేసినట్టే ‘హ్యాపీ కస్టమర్స్’ అని ఒక పెట్టె పెట్టేస్తాడు. జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం మీరు. పైన రాసుకున్న మూడు భాగాల్లో సొంత డప్పు ఎక్కడా లేదని గమనించండి. వచ్చినవాడికి పనికొచ్చే సమాచారం మాత్రమే ఉంది. ఆఫీసు మీద గౌరవం దానితోనే వస్తుందని నా గట్టి నమ్మకం.

పేజీ కింద సంప్రదించే ఫారం పెడతాం కదా, అందులో పేరు, ఫోన్ నంబరు, ఊరు, ఏం పని అన్న నాలుగు గడులు చాలు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఆ ఫారంలో అడగొద్దు. పోర్టల్ పాస్‌వర్డ్ అసలే అడగొద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉన్నా లేకున్నా, అక్కర్లేని సమాచారం మన దగ్గర ఉండటమే ప్రమాదం. ఫోన్ నంబరును బొమ్మలో పెట్టకుండా, నొక్కితే కాల్ వెళ్లేలా లింకుగా పెట్టించండి.

తెలుగు టైపింగ్ గురించి ఒక హెచ్చరిక. మీ ఊళ్లో డీటీపీ సెంటర్ వాళ్లు చాలావరకు అను ఫాంట్లలో కొడతారు. పాంప్లెట్‌కు అది బాగానే ఉంటుంది, అదే అక్షరాలను సైటులో పేస్ట్ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలోనే కొట్టించండి. ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో కొట్టేదంతా యూనికోడే. అలా ఉంటేనే గూగుల్‌లో ‘జీఎస్టీ నంబరుకు ఏమేం కావాలి’ అని తెలుగులో వెతికినవాళ్లకు మీ పేజీ దొరికే అవకాశం ఉంటుంది.

ఇక ఈ పాఠానికి అభ్యాసం. నోట్‌బుక్‌లోని ప్రశ్నల్లోంచి ఎక్కువసార్లు వచ్చింది ఒకటి ఎంచుకుని, దానికి పై మూడు భాగాలతో పేజీ రాయండి. రాశాక అకౌంట్స్‌తో సంబంధం లేని ఒకరికి, మీ వీధిలో షాపు నడిపేవాళ్లయితే మరీ మంచిది, ఫోన్‌లో చదవమని ఇవ్వండి. మధ్యలో మీరేమీ వివరించొద్దు. చదవడం అయ్యాక ‘రేపు మా ఆఫీసుకు వస్తే ఏమేం తెస్తారు?’ అని అడగండి. కాగితాల పేర్లు తడుముకోకుండా చెప్పగలిగితే పేజీ కుదిరినట్టే. ఎక్కడ ఆగారో ఆ వాక్యం కింద గీత పెట్టి తిరగరాయండి. నాలుగో పాఠంలో ఆ పేజీని ఫోన్ తెర మీద పెట్టి అక్షరాల సైజు, తెరుచుకునే వేగం సరిచేద్దాం. అందుకు మీ ఆఫీసు బోర్డు పగటి వెలుగులో స్పష్టంగా కనిపించే ఫోటో ఒకటి తీసి ఉంచుకోండి.