అమెరికాలో అమ్మానాన్నలకు తక్కువ అద్దె సీనియర్ అపార్ట్‌మెంట్ కావాలంటే ఏం చేయాలి

కొడుకూ కోడలూ మనవలతో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో, రాత్రి అందరూ పడుకున్నాక హాల్లో సోఫా మీద నడుం వాల్చే పెద్దవాళ్లు నాకు చాలామంది తెలుసు. అడిగితే "మాకేం ఇబ్బంది లేదమ్మా" అంటారు. ఇబ్బంది ఉంటుంది, చెప్పరు, అంతే. వాళ్లకంటూ ఒక పడక గది, ఒక వంటగది ఉండే దారి ఉందని మనవాళ్లలో చాలామందికి తెలియదు: నాన్‌ప్రాఫిట్ సంస్థలు నడిపే సీనియర్ హౌసింగ్. మా పెద్దమ్మ కోసం కాలిఫోర్నియా బే ఏరియాలో ఈ పనంతా దగ్గరుండి చేశాను కాబట్టి రాస్తున్నాను. వేరే రాష్ట్రాల్లో సంస్థల పేర్లు మారతాయి గానీ పద్ధతి చాలావరకు ఇదే.

అవసరం వచ్చేదాకా ఆగకండి, ముందు పేరు రాయించండి. 62 ఏళ్లు నిండిన వెంటనే, ఇంట్లో అంతా బాగానే ఉన్నా సరే. వెయిటింగ్ లిస్టులు ఏళ్ల తరబడి నడుస్తాయి, కొన్ని అసలు మూసేసి ఉంటాయి, ఎప్పుడో కొద్ది రోజులు తెరిచి మళ్లీ మూసేస్తారు. ఒకే బిల్డింగ్ మీద ఆశ పెట్టుకోకుండా దొరికిన ప్రతి లిస్టులోనూ పేరు ఇవ్వండి, తప్పేం లేదు. హేవర్డ్‌లో 1968లో మొదలైన ఈడెన్ హౌసింగ్, 1970 నాటి మిడ్‌పెన్, 1981లో క్రైస్తవ సన్యాసినులు మొదలుపెట్టిన మెర్సీ హౌసింగ్, వీళ్ల వెబ్‌సైట్లు వారానికోసారి చూడండి. బే ఏరియాకి డోర్‌వే అనే పోర్టల్ ఉంది, శాన్ ఫ్రాన్సిస్కోకి డాలియా. ఏదీ తెలియకపోతే 211 అనే సహాయ సమాచార నంబర్‌కి ఫోన్ చేసి సీనియర్ హౌసింగ్ అని అడగండి.

అద్దె లెక్క అన్ని బిల్డింగుల్లో ఒకేలా ఉండదు, చాలామంది తికమకపడేది ఇక్కడే. సెక్షన్ 202 అని 1959 నుంచీ ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి, ఇందులో పెద్దవాళ్ల ఆదాయంలో కొన్ని మినహాయింపులు పోగా మిగిలినదాంట్లో దాదాపు 30 శాతం అద్దె కడతారు. లెక్కకొచ్చే ఆదాయం నెలకు 900 డాలర్లయితే అద్దె 270 దగ్గర ఉంటుంది. రెండోది 1986లో వచ్చిన టాక్స్ క్రెడిట్ పథకం (కట్టేవాళ్లకు పన్నులో రాయితీ ఇచ్చేది) కింద కట్టినవి, వీటిలో యూనిట్‌కి ఇంత అని అద్దె ముందే ఖాయం, మీ ఆదాయం తగ్గినంత మాత్రాన అద్దె తగ్గదు. పైగా ఆదాయం మరీ తక్కువైనా కొన్నిచోట్ల అప్లికేషన్ తిప్పి పంపుతారు. అందుకే ఫోన్ చేసినప్పుడు అడగాల్సిన మొదటి మాట, "అద్దె ఆదాయాన్ని బట్టా, ఫిక్సెడా?" ఆదాయ పరిమితి కౌంటీని బట్టి ప్రతి ఏడాదీ మారుతుంది, కాబట్టి ఎవరో పోయినేడు చెప్పిన అంకె నమ్ముకోవద్దు.

కాగితాల సంగతి. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొని గ్రీన్ కార్డు లేదా అమెరికా పాస్‌పోర్ట్, సోషల్ సెక్యూరిటీ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బెనిఫిట్ లెటర్లు (ప్రభుత్వం నుంచి ఎంత డబ్బు వస్తుందో చూపే ఉత్తరాలు) అన్నీ అందులో పెట్టండి. మా పెద్దమ్మకి పెదనాన్న తరఫున ఇండియాలో ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. "అది రూపాయల్లో కదే, ఇక్కడ చెప్పాలా?" అంది. చెప్పాలి. డాలర్లలోకి మార్చి రాశాం, పాస్‌బుక్ పేజీలు జత చేశాం. ఊళ్లో ఇల్లు, పొలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఇంతే. రెండేళ్లలోపు ఆస్తిని గిఫ్ట్ డీడ్ రాసి ఎవరికైనా ఇచ్చేసి ఉంటే అదీ చెప్పాలి, ఇచ్చేశాం కదా మనది కాదులే అనుకోకూడదు. ఆస్తి ఉందని దాచకండి. టాక్స్ క్రెడిట్ బిల్డింగుల్లో ఆస్తి మీద వచ్చే ఆదాయాన్నే లెక్కేస్తారు, వేరేవాటికి ఏ పరిమితి ఉందో ఆఫీసులో అడిగితే చెప్తారు. దాచి దొరికితే మాత్రం ఇల్లే పోతుంది. పిల్లలు వేరే ఇంట్లో ఉంటే వాళ్ల జీతం లెక్కలోకి రాదు గానీ, నెలనెలా ఇచ్చే డబ్బు వస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఈ దారి పనికిరాదు. మీరే స్పాన్సర్ చేసి గ్రీన్ కార్డు ఇప్పించి ఉంటే అప్లికేషన్ మీద సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి.

పేరు రాయించాక ఊరుకోకండి. ఒక బిల్డింగ్ లిస్టులో పెద్దమ్మ పేరు మూడేళ్లు ఉంది, ఈలోగా అన్నయ్య ఇల్లు మారాడు, "ఇంకా ఆసక్తి ఉందా" అని వాళ్లు పంపిన ఉత్తరం పాత అడ్రస్‌కి వెళ్లింది, జవాబు రాలేదని పేరు తీసేశారు. మూడేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే అయ్యాయి. ఆ రోజు ఆవిడ ఏమీ అనలేదు, ఫోల్డర్ మూసి అల్మారాలో పెట్టేసింది. అందుకని అడ్రస్ గానీ ఫోన్ గానీ మారితే ప్రతి లిస్టుకీ రాతపూర్వకంగా తెలియజేయండి, ఆ ఉత్తరం కాపీ ఫోల్డర్‌లో ఉంచండి, ఆరు నెలలకోసారి ఫోన్ చేసి పేరుందో లేదో కనుక్కోండి. డబ్బిస్తే లిస్టులో ముందుకి తెస్తామనేవాళ్లు మోసగాళ్లే. ప్రభుత్వ సాయంతో నడిచే బిల్డింగ్ మీ అప్లికేషన్ కొట్టేస్తే కారణం రాసి ఇవ్వాలి, 14 రోజుల్లోపు రాతపూర్వకంగా సమావేశం అడిగే హక్కు మీకుంది, వదులుకోకండి.

ఇల్లు వచ్చిన మొదటి వారంలోనే సర్వీస్ కోఆర్డినేటర్ (బిల్డింగ్‌లో ఉండేవాళ్లకు సాయపడే ఉద్యోగి) ఉన్నారేమో కనుక్కుని వెళ్లి పరిచయం చేసుకోండి. మెడికేర్ కాగితాలు, భోజనం పథకాలు, డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి వాహనం, వీటన్నిటికీ దారి చూపించేది వాళ్లే. పెద్దమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మొహమాటం లేకుండా అడిగాం, పెట్టారు. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ కావాలన్నా ఉత్తరం రాసి అడగొచ్చు.

ఏటా ఆదాయం మళ్లీ చూపించాలి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. సంక్రాంతికి ఊరెళ్లి మూడు నెలలు ఉందామనుకుంటే టికెట్ కొనకముందే లీజు, హౌస్ రూల్స్ తీసి ఎన్ని రోజులు ఇల్లు ఖాళీగా ఉంచొచ్చో చూడండి, దాటితే ఇల్లు వదిలేశారని అనుకునే ప్రమాదం ఉంది. ఎస్‌ఎస్‌ఐ (తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) తీసుకునేవాళ్లు వరసగా 30 రోజులు దేశం బయట ఉంటే ఆ డబ్బు ఆగిపోతుంది. మేం పెద్దమ్మ ప్రయాణం రోజులు లెక్కబెట్టి, ఆఫీసుకి తేదీలు రాసిచ్చి, తాళంచెవి ఇంకోటి అన్నయ్య దగ్గర ఉంచి పంపించాం.