థెరపీ సెంటరు: ట్రస్టుదా, ప్రైవేటుదా? చేర్చే ముందు అడగాల్సినవి

దివ్యాంగ పిల్లల థెరపీ సెంటరు బోర్డు మీద 'ఫౌండేషన్' అని రాసి ఉన్నంత మాత్రాన అది లాభాపేక్ష లేని సంస్థ అయిపోదు. సొసైటీగానో, ట్రస్టుగానో, కంపెనీల చట్టం సెక్షన్ 8 కిందో రిజిస్టరై, మిగిలిన డబ్బు సభ్యులు పంచుకోకుండా మళ్ళీ సేవకే పెట్టాల్సినదే అలాంటి సంస్థ. ఫీజు తీసుకోకూడదని దానికి నియమమేమీ లేదు, చాలాచోట్ల తీసుకుంటారు కూడా. ప్రైవేటు సెంటరులో మిగులు యజమానిది. ఉన్న తేడా ఇంతే. బిడ్డ ఎదురుగా కూర్చునే టీచరుకు పని వస్తుందో రాదో ఈ తేడా చెప్పదు.

కాబట్టి మొదట ఆ టీచరు గురించే అడగండి. ప్రత్యేక విద్య టీచరు, స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) దగ్గర నమోదై ఉండాలి. 1992 చట్టం పెట్టిన షరతు ఇది. నమోదు నంబరు, గడువు తేదీ, ఏ విభాగంలో శిక్షణ పొందారో చూపమనండి. వినికిడి లోపమున్న పిల్లలకు చెప్పే శిక్షణ వేరు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు చెప్పేది వేరు. గోడకు వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, రోజూ థెరపీ చేసేది ఇంకొకరు కావడం తరచూ జరిగే మోసం. 'మా పిల్లవాడికి రోజూ చేసేదెవరు? వాళ్ళ నంబరే చూపండి' అని అడగండి.

తర్వాత సంస్థ కాగితం. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 50 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా దివ్యాంగుల సంస్థ నడపకూడదు. ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా పెట్టాలి. ట్రస్టు డీడో, షాపు లైసెన్సో చూపిస్తే దానికి బదులు కాదు. అనుమానముంటే జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసులో కనుక్కోండి.

ఇక డబ్బు. ఉదాహరణకు సెషన్‌కు 500 రూపాయలనుకుందాం. వారానికి 5 రోజులు పోతే నెలకు 22 సెషన్లు, 11,000 అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000. సెషన్ 45 నిమిషాలని చెప్పి 30 నిమిషాలకే పంపేస్తే అసలు ధర ఇంకా పెరిగినట్టే. ఒక్కరితో చేస్తారా, నలుగురిని కూర్చోబెట్టి చేస్తారా అన్నదీ ముందే తేల్చుకోండి. ఆదోని నుంచి కర్నూలుకు రోజూ తిరగాలంటే పోను రాను బస్సులోనే నాలుగైదు గంటలు పోతాయి. పిల్లవాడు అలసిపోయి వస్తే ఎంత మంచి థెరపిస్టయినా చేసేదేముంది? వారానికి రెండు రోజులు పోయి, మిగతా రోజులు ఇంట్లో చేయించేలా నేర్పమని అడగండి. తల్లిని గది బయటే కూర్చోబెట్టే సెంటరు మాకు నచ్చదు.

ట్రస్టు, ప్రైవేటు రెంటికంటే ముందు తొక్కాల్సిన గడప సర్కారుది. మండలాల్లో సర్కారు విద్యా పథకం సమగ్ర శిక్ష ప్రత్యేక అవసరాల పిల్లలకు నడిపే భవిత కేంద్రాలున్నాయి. చిన్నపిల్లలకైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రం (డీఈఐసీ) ఉంటుంది. రెండూ ఉచితం. అక్కడ వారానికి ఎన్ని రోజులు దొరుకుతుందో చూసుకుని, చాలని దానికే బయట డబ్బు పెట్టండి.

ట్రస్టు సంస్థలను అడగాల్సిన ప్రశ్న: జీతాలకు డబ్బెక్కడిది? కేంద్రం దీనదయాళ్ పథకం గ్రాంటా, విదేశీ విరాళాలా, స్థానిక దాతలా? విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్‌కు 5 ఏళ్ళే గడువు. గ్రాంటు ఆలస్యమైతే ముందు మానేసేది థెరపిస్టే. ప్రాజెక్టు ఏ వయసు వరకో కూడా అడగండి. 14 ఏళ్ళకు బయటికి పంపేస్తే అప్పుడు వెతుక్కోవాలి. అనంతపురంలో 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ)లా దశాబ్దాలు నిలిచి, ప్రత్యేక పాఠశాలలు నడిపే సంస్థలు తక్కువే.

ప్రైవేటులో వచ్చే చిక్కు వేరు. ఆరు నెలల ప్యాకేజీ ముందే కట్టించుకోవడం, పరీక్ష చేయకుండానే మూడు రకాల థెరపీ రాసేయడం, ఆటిజం పూర్తిగా నయం చేస్తామనడం. చివరి మాట వినపడగానే లేచి వచ్చేయండి. మిగతావాటికి ఒక నెల డబ్బే కట్టి చూడండి. 'మూడు నెలల్లో చెంచా పట్టి తానే తింటాడు' లాంటి కొలవగల లక్ష్యం రాసివ్వమనండి. 'మెరుగుపడతాడు' అన్నది లక్ష్యం కాదు.

రోజూ పోయి వచ్చే థెరపీకి దగ్గరలో ఉన్న మంచి ప్రైవేటు సెంటరు చాలు. హాస్టలులో ఉంచాల్సి వస్తే మాత్రం కమిటీ, ఆడిట్ ఉన్న లాభాపేక్ష లేని సంస్థ వైపే మొగ్గాలి. అదీ చెప్పకుండా భోజనం వేళకు ఒకసారి వెళ్ళి చూశాకే. రాత్రి డ్యూటీలో ఎంతమంది, ఆడపిల్లల వైపు ఆయాలున్నారా, మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ ఉందా, వీల్‌చైర్ ర్యాంపు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవైనా ఉందా చూడండి. అంతకంటే నిటారుగా ఉంటే కూర్చున్న మనిషి తానుగా ఎక్కడం కష్టం.

ఎక్కడ చేర్చినా బిల్లు అడగండి. ఫీజు తీసుకుని విరాళం రసీదు ఇస్తే ఒప్పుకోవద్దు. వినియోగదారుల చట్టం ఉచిత సేవకు వర్తించదు. మీరు డబ్బు కట్టింది సేవకేనని బిల్లుంటేనే జిల్లా కమిషన్‌లో సులువుగా నిరూపించగలరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది. థెరపీ ఖర్చు తిరిగి రాబట్టుకోవాలన్నా ఆ బిల్లులే కావాలి.

మానేసే రోజు అడిగితే రికార్డులు ఇవ్వడానికి ఏ సెంటరైనా తిప్పుతుంది. చేరిన నెల నుంచే ప్రతి అంచనా నివేదికనూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ అసలు ప్రతి ఎవరికీ ఇచ్చి రావద్దు, జిరాక్స్ చాలు.