డాలర్ బిల్లుకి ఫార్వర్డ్ తీసుకోవాలా, వద్దా?

దిగుమతి బిల్లులు కట్టే సీటులో పదేళ్లుగా కూర్చున్నాను. బిల్లు రాగానే నేను ముందు రేటు చూడను, లాభం చూస్తాను. లక్ష డాలర్ల సరుకు మీద మిగిలేది నాలుగు శాతమే అయితే, 90 రోజుల్లో మన కరెన్సీ మూడు శాతం పడితే ఇంకేం మిగులుతుంది? అలాంటి బిల్లుకి ఫార్వర్డ్ తీసేసుకుంటాను, అంటే ఫలానా తేదీకి ఫలానా రేటుకి డాలర్లు కొంటానని బ్యాంకుతో ఇప్పుడే ఒప్పందం చేసుకుంటాను. ఇరవై శాతం మిగిలే చోట అంత కంగారు పడను.

అంతకంటే ముందు, డాలర్లలోనే మీకు రావలసిన డబ్బేమైనా ఉందా? ఇంచుమించు అదే గడువుకి వస్తుంటే దాంతోనే కట్టేయండి. మిగిలిన తేడాకే కవర్, అంటే ఫార్వర్డ్ లాంటి రక్షణ.

ఫార్వర్డ్ రేటు ఇవాళ్టి రేటుకంటే ఎక్కువుంటే డాలర్ పెరుగుతుందని బ్యాంకు జోస్యం చెబుతోందనుకుంటారు చాలామంది. కాదు, అది ప్రధానంగా వడ్డీల తేడా. మన వడ్డీ 7 శాతం, డాలర్ వడ్డీ 4 శాతం అయితే 90 రోజులకి సుమారు 0.74 శాతం ఎక్కువ పడుతుంది, దాని మీద బ్యాంకు మార్జిన్.

సరుకు వస్తుందో రాదో తేలకపోతే మాత్రం ఫార్వర్డ్ జోలికి వెళ్లొద్దు. ఒకసారి నేను తీసుకున్నాక ఆర్డరే రద్దయింది. ఈలోగా డాలర్ పడిపోయింది, కాంట్రాక్టు రద్దు చేసుకోవడానికి ఎదురు డబ్బు కట్టాను. అలాంటి చోట ఆప్షనే నయం: ముందు కట్టిన రుసుము (ప్రీమియం) పోయినా, ఆ రేటుకి డాలర్లు కొనాలా వద్దా అన్నది మన ఇష్టం.

రేటు కదలదులే అన్న ధీమా కూడా వద్దు. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరో 1.20 ఫ్రాంకులకంటే తగ్గకుండా పెట్టిన హద్దును చెప్పాపెట్టకుండా ఎత్తేసింది. ఫ్రాంకు ఒక్కసారిగా పెరిగింది, ఫ్రాంకుల్లో బాకీ ఉన్నవాళ్లకి తేరుకునే వ్యవధే దొరకలేదు.

ఎటూ తేలకపోతే నేను సగం బిల్లుకే కవర్ తీసుకుంటాను. మా ఆఫీసులో దీన్ని పిరికితనం అంటారు.