బెంగళూరు ప్రభుత్వ దంత కళాశాలలో ఓపీ చీటీ: చీము పట్టిన పన్నుతో వెళ్లేవారికి దరఖాస్తు విధానం

కౌంటర్‌లో ఏమనాలో ముందే చెప్పేస్తాను: "హల్లు నోవు". మనకి హల్లంటే క, ఖ, గ. కన్నడిగులకి పన్ను. వాపుని "ఊత" అంటారు, చీముని "కీవు" అంటారు. కళాశాల ఉన్న కేఆర్ మార్కెట్ ప్రాంతంలో తెలుగు తెలిసినవాళ్లకి కొదవ లేదు గానీ, నోరు సగమే తెరుచుకునే వేళ రెండు ముక్కల్లో పని అయిపోతే మేలు.

చల్లనీళ్లు తగిలి జివ్వుమని వెంటనే తగ్గిపోతే అది ఇంకా పిప్పి దశే కావచ్చు, ఫిల్లింగ్‌తో పోవచ్చు. వేడి కాఫీ తాగాక గంటసేపు సలుపుతున్నా, రాత్రి పడుకోగానే ఎక్కువవుతున్నా, నమిలేటప్పుడు ఆ ఒక్క పన్నే పొడుగైనట్టు తగులుతున్నా అనుమానించాలి. చిగురు మీద మొటిమలాంటి పొక్కు లేచి నోట్లోకి పాడు రసం వస్తుంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు, చీమే.

నేను మోసపోయింది మాత్రం నొప్పి లేకపోవడం వల్ల. మారతహళ్లిలో ఉండగా పదిరోజులు సలిపిన పన్ను ఒక పొద్దున్న ఉన్నట్టుండి ఊరుకుంది. మందుల షాపతను డాక్టర్ చీటీ లేకుండానే ఇచ్చిన యాంటీబయాటిక్ పనిచేసిందని సంబరపడ్డాను. నిజానికి పంటి లోపల నరం చచ్చిపోయింది, అందుకే నొప్పి తెలియలేదు. మూడు వారాలకి బుగ్గ బూరెలా పొంగింది. మందు చీముని కొన్నాళ్లు అణచగలదు గానీ, చచ్చిన నరాన్ని పంటిలోంచి తియ్యలేదు.

వెళ్లాల్సింది కోట ప్రాంతానికి. విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో 1958లో మొదలైన కళాశాల ఇది. గ్రీన్ లైన్ మెట్రోలో కేఆర్ మార్కెట్ దగ్గర దిగితే నడిచిపోవచ్చు. వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవాళ్లు మెజెస్టిక్‌లో రైలు మారాలి. పొద్దున్నే చేరుకోండి, ఆదివారాలూ ప్రభుత్వ సెలవులూ చూసుకోండి. ఆధార్, అది లింకైన ఫోన్, వాడుతున్న మందుల పాత చీటీలు, కాస్త చిల్లర పట్టుకెళ్లండి. ఆధార్‌లో అనంతపురమో చిత్తూరో ఉంటే చూడరేమోనని టెన్షన్ పడక్కర్లేదు, నొప్పికి ఊరితో పని లేదు. రుసుముల్లో రాయితీ అడిగితే మాత్రం కర్ణాటక బీపీఎల్ కార్డు చూపమంటారు.

క్యూ తగ్గించుకోవాలంటే ఇంటి దగ్గరే ఆభా నంబర్, అంటే కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబర్ చేసుకోండి. పధ్నాలుగు అంకెలు, డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ ఓటీపీతో ఐదు నిమిషాల పని. ఓపీ దగ్గర గోడ మీద క్యూఆర్ కోడ్ పోస్టర్ కనిపిస్తే ఆభా యాప్‌తో స్కాన్ చేసి, వివరాలు పంపడానికి ఒప్పుకుంటే ఫోన్‌లోనే టోకెన్ వస్తుంది. టోకెన్‌కి గడువు తక్కువ, కాబట్టి బస్సులో కూర్చుని కాదు, అక్కడికి చేరాకే స్కాన్ చెయ్యాలి. పోస్టర్ లేకపోతే మామూలు క్యూనే. పేరు, వయసు, ఫోన్ నంబర్ చెప్పి రుసుము కట్టాలి. ఇక్కడ ఒక గందరగోళం తరచూ చూస్తుంటాను: ఆభా అనేది బీమా కాదు. ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు వేరు. అది ఆస్పత్రిలో చేరితే పనికొచ్చేది, ఓపీలో పన్ను చూపించుకోవడానికి కాదు.

చీటీ చేతికొచ్చాక మొదట ఓరల్ మెడిసిన్ విభాగం. చిన్న అద్దం, సన్నటి కడ్డీ పట్టుకుని ఒక్కో పన్ను మీదా టకటకా తట్టి చూస్తారు. ఏ పన్ను దగ్గర ఉలిక్కిపడతారో అదే దొంగ. తర్వాత ఎక్స్‌రే. వేరు కొన దగ్గర నల్లటి మచ్చ కనిపిస్తే ఎముక కరిగిందన్నమాట. పన్ను నిలబెట్టగలిగితే రూట్ కెనాల్ చేసే విభాగానికి, లేదంటే పీకే విభాగానికి రాసిస్తారు. షుగర్, గర్భం, పెన్సిలిన్ పడకపోవడం, రక్తం పలచబడే మందులు, ఏది ఉన్నా అడగకముందే చెప్పండి. పన్ను పీకుతారని ఆ మందుల్ని సొంతంగా ఆపేయకండి.

ఇదంతా క్యూలో నిలబడగలిగే వారి సంగతి. దవడ కింద, మెడ వైపు వాపు దిగినా, నాలుక కింది భాగం ఉబ్బి పైకి లేచినట్టున్నా, కన్ను మూసుకుపోతున్నా, ఉమ్మి మింగలేకపోయినా, ఊపిరి బరువైనా చీటీ, టోకెన్ అన్నీ పక్కన పెట్టండి. 108కి ఫోన్ చెయ్యండి, లేదా దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇలాంటి వాపుని 1836లోనే లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఊపిరి దారి మూసుకుపోవడానికి గంటలు చాలు.

నంబర్ వచ్చేదాకా గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. లవంగనూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెట్టుకోవడం మన ఇళ్లలో మామూలు, ఆ చోటు తెల్లగా కాలిపోతుంది. బుగ్గ మీద వేడి కాపడం కూడా వద్దు.

రూట్ కెనాల్ చాలాసార్లు ఒకసారి కూర్చుంటే అయిపోదు. తర్వాత ఎప్పుడు రావాలో ఆ చీటీ మీదే రాస్తారు, అందుకే దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నాది చొక్కా జేబులోనే ఉతుకుడుకి వెళ్లింది.