తల్లీకూతుళ్ల సినిమా రాద్దాం – 4వ పాఠం: గొడవ చేతుల్లో ఉండాలి

మూడో పాఠంలో తల్లికీ కూతురికీ చెరో బాకీల చిట్టా రాసుకున్నాం. ఎవరు ఎవరికి ఏం ఎగ్గొట్టారో అందులో ఉంది. ఈసారి ఆ చిట్టాలోంచి ఒక్క పద్దు తీసుకుని 3 నిమిషాల సీను కడదాం.

అభ్యాసానికి నడుపుతున్న కథను ఒకసారి గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లో వారసిగూడ, అక్కడో పాత ఇల్లు. తల్లి సువర్ణకు 60 ఏళ్లు, పెద్దకూతురు మాధవికి 34. రెండేళ్ల కిందట మాధవి అర్ధరాత్రి మొగుడింటి నుంచి వచ్చేస్తే, తెల్లారేలోపు ఆటో ఎక్కించి వెనక్కి పంపింది తల్లి. అప్పుడు చిన్నదానికి సంబంధం మాట్లాడుతున్నారు. ఆర్నెల్లకు మాధవి ఆ ఇల్లు వదిలేసి కొండాపూర్‌లో ఒక్కతే ఉంటోంది. ఇప్పుడు చిన్నదానికి పెళ్లయ్యాక మొదటి సంక్రాంతి, సారె పంపాలి. సకినాలు చుట్టడానికి రమ్మని తల్లి ఫోన్ చేసింది. మాధవి వచ్చింది.

సీనుకు ఒకటే షరతు. "నన్ను వెనక్కి పంపినవ్" అనే మాట ఇద్దరిలో ఎవరి నోటా రాకూడదు.

కొత్తగా రాసేవాళ్ల స్క్రిప్టుల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. "రెండేళ్ల కిందట ఆ రాత్రి నేనొస్తే నువ్వేం చేశావో గుర్తుందా?" అని కూతురితో అనిపిస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసిన ఇద్దరు ఒకరికొకరు చెప్పుకుంటున్నారంటే అది ప్రేక్షకుడి కోసమేనని వినేవాడికి వెంటనే పట్టుబడిపోతుంది. పైగా మన ఇళ్లలో గొడవ అసలు విషయం మీద జరగదు. కూర ఉప్పు మీదా, ఆరేసిన బట్టల మీదా, ఫోన్ ఎత్తకపోవడం మీదా జరుగుతుంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నారు కదా, రచయిత చేయాల్సింది సరైన దుత్తను వెతకడం.

ఏ పని ఎంచుకోవాలి? ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే పని అయివుండాలి, తల దించుకున్నా వింతగా కనబడకూడదు. మధ్యలో వదిలేసి లేవడానికి వీల్లేకుండా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకరికి బాగా వచ్చి ఇంకొకరికి రాకపోవడం కంటికి కనిపించాలి. టీ తాగే సీను ఇందుకు పనికిరాదు, కప్పు కింద పెట్టగానే చేతులు ఖాళీ. కూరగాయలు తరిగే సీనులో కత్తి ఉంటుంది, ప్రేక్షకుడి చూపు మాటల్ని వదిలి దాని మీదకు పోతుంది.

సకినాలకు ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. కొత్త బియ్యం నానబెట్టి, వార్చి, తడి ఆరకముందే గిర్నీ పట్టించి, జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతారు. తడిగుడ్డ కప్పకపోతే పిండి ఎండి చుట్టు మధ్యలో విరుగుతుంది. నీళ్లు ఎక్కువైతే వేళ్ల మధ్య మెలి నిలవదు. పొడిగుడ్డ మీద చుట్టి, కాస్త ఆరాకే నూనెలో వేయాలి, పచ్చిగా ఎత్తితే చేతిలోనే తెగుతుంది. రచయితకు ఈ వివరాలన్నీ పనిముట్లే. ఎండిపోతున్న పిండి సీనుకు గడియారం, తెగే చుట్టు మాటకు బదులు.

సీన్ 27. లోపల – సువర్ణ ఇల్లు, హాలు – పగలు

నేల మీద తెల్ల పంచె పరిచి ఉంది. దాని మీద 12 సకినాలు. తల్లీకూతుళ్లు ఎదురెదురుగా. మాధవి చుడుతున్నది రెండో చుట్టులో తెగుతుంది. వేలితో అతికిస్తుంది.

సువర్ణ: (తల ఎత్తకుండా) అతికిస్తే నూనెల ఇడుస్తది.

మాధవి: తినేటోళ్లకు ఏం తెలుస్తది?

సువర్ణ: వియ్యపురాలు చూస్తది.

చెయ్యి చాపి కూతురు చుట్టినదాన్ని ఎత్తుతుంది. పిండిలో కలిపేస్తుంది. అదే చోట తను చుట్టడం మొదలుపెడుతుంది. మాధవి ఆ వేళ్లనే చూస్తుంది. మూడో చుట్టు, నాలుగు, ఐదు.

మాధవి: అన్నీ ఐదు చుట్లేనా?

సువర్ణ: బిడ్డ సారెకు గదా.

ఇంకో ముద్ద తీసుకుంటుంది.

మాధవి: నా సారెకు ఎన్ని పెట్టినవ్?

సువర్ణ వేళ్లు ఆగుతాయి.

సువర్ణ: పిండి ఎండుతున్నది. గుడ్డ కప్పు.

మాధవి తడిగుడ్డ చేతిలోకి తీసుకుంటుంది. కప్పదు.

మాధవి: యాదికి లేదా?

సువర్ణ: నీదప్పుడు బియ్యం మంచియి దొరకలే.

మాధవి గుడ్డ కప్పుతుంది. తనూ ముద్ద తీసుకుని చుడుతుంది. మూడో చుట్టు దగ్గర ఆపేస్తుంది. సువర్ణ దాన్ని ఎత్తడానికి చెయ్యి చాపుతుంది. వెనక్కి తీసుకుంటుంది.

ఇప్పుడు పిలుపులు చూడండి. సువర్ణ 'బిడ్డ' అన్నది ఒక్కసారి, అదీ అక్కడ లేని చిన్నకూతుర్ని. మాధవి ఒక్కసారి కూడా 'అమ్మా' అనలేదు. సీను రాయడం అయ్యాక పిలుపులన్నిటి కింద ఎర్రగీత గీయండి. ఎవరు ఎవర్ని ఏమని పిలిచారో, ఎక్కడ పిలవకుండా దాటేశారో చూస్తే వాళ్ల మధ్య దూరం తెలిసిపోతుంది. గీతలు మరీ ఎక్కువగా ఉంటే సగం కొట్టేయండి. ఎదురుగా కూర్చున్న మనిషిని మాటమాటకీ పిలుస్తూ మాట్లాడటం సీరియళ్ల అలవాటు.

తల్లి బియ్యం మీద నెపం పెట్టడాన్ని అబద్ధంగా మాత్రమే రాయకండి. ఆమె చిట్టాలో ఆమెకూ న్యాయం ఉంది: ఆ రాత్రి పెద్దదాన్ని ఇంట్లో ఉంచుకుంటే చిన్నదాని సంబంధం చెడుతుందని వణికిపోయింది. ఆ భయం మీకు నిజంగా అర్థమయ్యేదాకా తల్లి డైలాగు రాయొద్దు. తల్లి రాక్షసి అయితే కూతురికి తేలికైపోతుంది, వదిలేసి వెళ్లిపోవచ్చు. వదల్లేకపోవడమే ఈ కథ.

ఒకరు చేసిన పనిని ఇంకొకరు అక్కడే మళ్లీ చేసి చూపించడం ఎంత లోతుగా గుచ్చుకుంటుందో చూడాలంటే స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1978 చిత్రం 'ఆటమ్ సొనాటా'లో పియానో సీను చూడండి. లివ్ ఉల్మన్ వేసిన కూతురు షోపాన్ ప్రెల్యూడ్ (షోపాన్ అనే స్వరకర్త రాసిన చిన్న పియానో రచన) వాయిస్తుంది. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ వేసిన తల్లి పేరున్న పియానో విద్వాంసురాలు. ఆమె అదే ప్రెల్యూడ్‌ను ఎలా వాయించాలో చెప్పి, తనే వాయిస్తుంది. అప్పుడు చూడాల్సింది కూతురి ముఖం. ధ్వని ఆపి ఒకసారి, ధ్వనితో ఒకసారి చూడండి.

మన సీనులోనూ తల్లి వేళ్లూ కూతురి ముఖమూ ఒకే ఫ్రేములో ఉండాలి. అందుకే చేతులకు డూప్ పెట్టే ఆలోచన వద్దు. నటి ముందుగానే సకినాలు చుట్టడం నేర్చుకోవాలి. నేర్చుకోలేకపోతే సీనునే మార్చుకోవడం మేలు. కెమెరా కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తులో, అంటే నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల్లో ఉండాలి. ఇద్దరి మధ్య ఊహారేఖ గీసుకుని షాట్లన్నీ ఒకే పక్క నుంచి తీయండి, దాటితే చూపులు కలవవు.

కంటిన్యుటీ లెక్క, అంటే ఏ షాటులో ఎన్ని సకినాలు కనబడాలో, స్క్రిప్టులోనే రాయండి. మొదట్లో 12. వేళ్లు ఆగినప్పుడు 13, సగం చుట్టిన పద్నాలుగోది. చివర మాధవిదాంతో కలిపి 16. 3 నిమిషాల సీనులో అంతకు మించి పెరిగితే కట్‌లో దొరికిపోతారు. ఆరేకొద్దీ సకినం తెల్లబడుతుంది, పొద్దున్నదీ మధ్యాహ్నందీ రంగు కలవవు. అందుకే ఈ సీనును వరసలోనే తీయాలి, పిండి విడతలుగా కలపాలి. పిండి ఎండుతుందని ఫ్యాను ఎలాగూ ఆపేస్తారు కాబట్టి సింక్ సౌండుకూ, అంటే షూటింగులోనే మాటలు రికార్డు చేయడానికీ, పనికొస్తుంది. నూనె పొయ్యి మాత్రం సీను అయ్యేదాకా వెలిగించకండి. చిటపటలు డైలాగు మీద పడితే తర్వాత విడదీయలేరు, అవి విడిగా రికార్డు చేసుకోవాలి. లేచే ముందు ఒక నిమిషం రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో వినిపించే శబ్దం) తీసుకోండి.

ఈ వారం పని: మీ చిట్టాలోంచి ఒక పద్దు, దానికి ఒక దుత్త. మూడు పేజీలు దాటొద్దు. పేజీకి నిమిషం అనే లెక్క ఇలాంటి సీనుకు సరిపోదు. చేతిపని మాట కంటే ఎక్కువ సమయం తింటుంది. స్టాప్‌వాచ్ పెట్టుకుని, చేతులు కదుపుతూ గట్టిగా చదవండి. తర్వాత డైలాగులన్నీ చెరిపేసిన కాపీ ఒకటి తీసి, కథ తెలియని మనిషికి ఇవ్వండి. ఇద్దరూ గొడవపడుతున్నారని అతనికి తెలిస్తే అసలు కాపీ దాచుకోండి. తెలియకపోతే డైలాగు దిద్దకండి, పని మార్చండి.

5వ పాఠంలో పక్కగదిలో పేపరు చదువుతున్న తండ్రిని తీసుకొద్దాం.